కండరశక్తి మర్మమెరిగిన సుబ్బారావు

విశాఖపట్టణపు రేవున బరువులెత్తు కూలి భుజమునకును, దూడను వెలికి నెట్టు గోవు గర్భాశయమునకును బలమిచ్చునది కండరమే. ప్రసవవేళ గర్భాశయమున ప్రోస్టాగ్లాండినులను కొవ్వుజాతి పదార్థములు పుట్టును. అవి కండరకణములలో కాల్షియమును హెచ్చించి, ముడుచుకొనుమని ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞను నెరవేర్చు శక్తి మాత్రము ఏ.టీ.పీ. యను పదార్థమునుండి లభించును. కండరమున దానిని తొలుత కనుగొన్నవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి; ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. పిదప ఆయన సముద్రములు దాటి బోస్టను నగరము చేరిరి. అచట ఆసుపత్రిలో సేవకుని పనిచేసి పొట్టపోసికొనిరి.

లాక్టికామ్లము వలననే కండరము ముడుచుకొనునని నాటి పండితులు తలచుచుండిరి. సుబ్బారావు తమ గురువు ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియేటినును వెల్లడించి ఆ సిద్ధాంతమును కదల్చిరి. 1929లో ఏ.టీ.పీ.ని వేరుపరచిరి, అదే యేట జర్మనీలో లోమన్ పండితుడును దానిని కనుగొనిరి. వారు పరీక్షించినది ఎముకల నంటియుండు కండరమే. అయినను గర్భాశయ కండరమునకును ఇంధనమదియే.

ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు తరలిపోయిరి. జన్మభూమిని మరల చూడకయే 1948లో న్యూయార్కున కన్నుమూసిరి.

కండరసంకోచమును చదువు ప్రతి విద్యార్థియు ఆయన శ్రమఫలమునే చదువుచున్నాడు. పాఠమున ఆ పేరు లేకున్నచో, దానిని చెప్పుట ఉపాధ్యాయుని వంతు.