ఫ్లారెన్సు నైటింగేలు

దయ మనస్సునందుండు గుణము. దానిని తూచుటకు త్రాసు లేదని సామాన్యముగా తలంతురు. రోగుల సేవయందు దయకు గూడ లెక్క యుండవలయునని నమ్మి, ఆ లెక్కను లోకమునకు నేర్పిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు.

ఈమె 1820 సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున సంపన్నులగు ఆంగ్ల దంపతులకు జన్మించెను. జన్మించిన నగరము పేరే ఆమెకు పేరయ్యెను. గణితమునందు ఆమెకు మక్కువ మెండు. ఆ కాలమున ఇంగ్లండునందు రోగులకు పరిచర్య చేయు వృత్తికి గౌరవము లేకుండెను. కావున ఆమె కోరికను తల్లియు, అక్కయు తీవ్రముగా నెదిరించిరి. అయినను ఆమె పట్టు విడువక 1851లో జర్మనీయందలి కైజర్సువర్తులో శిక్షణ పొంది, 1853లో లండనునందలి యొక చిన్న వైద్యశాలకు అధ్యక్షురాలయ్యెను.

క్రిమియా యుద్ధము జరుగుచుండగా 1854 నవంబరు నెలలో ఆమె 38 మంది పరిచారికలతో టర్కీయందలి స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. రాత్రులయందు దీపము చేతబట్టి ఒక్కొక్క మంచము కడకు పోయి క్షతగాత్రులను పరామర్శించెడిది. ఆ దీపము జగత్ప్రసిద్ధము. కాని ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 42 వంతున మరణములు కలిగెను. భవనము క్రింద మురుగుకాలువలు పూడిపోయి యుండెను. లోపల గాలి చెడిపోయి యుండెను. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి కాలువలు శుభ్రపరచి, గోడలకు సున్నము వేయించి, గాలి వచ్చు మార్గము లేర్పరచిరి. జూను నాటికి మరణములు నూటికి 2కు దిగెను.

1856లో స్వదేశమునకు మరలిన పిమ్మట, విలియం ఫారను గణాంక పండితుని సాయమున ఆమె మరణముల పట్టికలను పరిశీలించెను. గాయములచే మడిసినవారికంటె, నివారింపదగిన వ్యాధులచే మడిసినవారే మిక్కిలి యధికులని తేలెను. శుభ్రమైన గాలియు, నీరును లేనిచోట మృదువచనము ప్రాణము నిలుపజాలదని ఆమె గ్రహించెను. అంకెలు చదువనొల్లని యధికారులకు తెలియునట్లు 1858లో రంగుల చిత్రపటములను వేయించెను. లండను గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వము పొందిన ప్రథమ స్త్రీ ఈమెయే.

1860లో సెయింటు థామసు వైద్యశాలయందు ఆమె పేర నర్సుల పాఠశాల 15 మందితో ప్రారంభమయ్యెను. అచట విద్యార్థినుల కందరికిని నెల నెలా ఒక పట్టిక వ్రాయబడుచుండెను. వేళ తప్పకుండుట, సద్దు చేయకుండుట, నమ్మదగియుండుట, శుభ్రత, వార్డును చక్కగా నుంచుట యను నైదును శీలమునకు సంబంధించిన శీర్షికలు. కట్లు కట్టుట, రోగిని గమనించుట మొదలగునవి పనికి సంబంధించినవి. ఒక్కొక్కదానికి ఉత్తమము మొదలు సున్న వరకు గుర్తులు వేయుదురు. దయ యను శీర్షిక ఆ యైదింటిలో లేదు. కాని నిద్రించు రోగి మేల్కొనకుండ నడచుటయు, చెప్పిన వేళకు మందు నందించుటయు దయ గాక మరేమి?

ఆమె హిందూదేశమునకు రాకయే ఈ దేశ క్షేమమునకై పాటుపడెను. ఇచటి ఆంగ్ల సైనికులు ఏటేట వేయింటికి 69 మంది మరణించుచున్నారని 1863 నాటి రాజసంఘ నివేదిక మూలమున తెలియజేసి, పారిశుద్ధ్యమునకై కృషి చేసెను. గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటను దొర నీటిపారుదల వాదమును క్షామనివారణకై బలపరచెను.

1910 ఆగస్టు 13న తన 90 ఏండ్ల వయస్సున ఆమె పరమపదించెను. ఆమె కోరిక ప్రకారము స్వగ్రామ శ్మశానమున పాతిపెట్టి, పేరులోని రెండు మొదటి యక్షరములను, జనన మరణ తేదీలను మాత్రమే ఆమెకై చెక్కిరి.

నేడు వైద్యశాలలయందు నర్సుల దయను ప్రశ్నపత్రములతో కొలచువారు గలరు. విద్యార్థులారా! అట్టి ప్రశ్నలలో తొలుత అడుగదగినది నర్సును గాదు, మంచముపై నున్న రోగిని. దాహమైనపుడు నీరు చేతి కందెనా, పిలిచినపుడు ఎవరైన వచ్చిరా యని యతడు చెప్పగలడు. మన హృదయమునందు జాలి యెంతయున్నను, అది యెదుటివానికి చేరినంతవరకే లెక్కకు వచ్చును.