భారత జట్టుకు తొలి సారథి మన తెలుగువాడే
సి.కె. నాయుడు జీవిత విశేషాలు

మణికొండ: భారత క్రికెట్ జట్టుకు కొత్త కెప్టెన్ ఎవరన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి పరిసరాల్లోని టీ కొట్ల దగ్గర తీర్పులు వెలువడుతూనే ఉంటాయి. అనుభవం ఉన్నవాడికి ఇవ్వాలని కొందరు, కుర్రవాడికి ఇవ్వాలని కొందరు వాదిస్తారు. ఎవరికి ఇచ్చినా ఆట వచ్చినవాడికే ఇవ్వాలన్న విషయంలో మాత్రం తగాదా లేదు. ఈ చిన్న సంగతిని పెద్దల చేత ఒప్పించడానికి ఒకప్పుడు ఎంత పెనుగులాట జరిగిందో, అందులో నలిగినవారు ఒక తెలుగువారని ఈ తరంలో చాలామందికి తెలియదు. ఆయనే భారత జట్టు తొలి టెస్టు సారథి కొట్టారి కనకయ్య నాయుడు. లోకానికి ఆయన సి.కె. నాయుడు.

నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. వారి పూర్వీకులు తెలుగు ప్రాంతం నుంచి వలస వెళ్ళినవారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు న్యాయవాది. 1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆడిన మ్యాచ్‌తో ఆయన పెద్ద ఆటలోకి వచ్చారు. ఏడు వికెట్లు పడి జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు బ్యాటు పట్టుకుని వెళ్ళి, మూడు బంతులు ఆపి నాలుగో బంతిని సిక్సర్ కొట్టారు. 1923లో ఇండోరు సంస్థానాధిపతి హోల్కర్ మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. అప్పటి నుంచి ఇండోరే ఆయన ఊరయింది.

1926లో ఇంగ్లండు నుంచి గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టు మీద నాయుడు 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 బౌండరీలు. జనం చెట్లెక్కి, మేడలెక్కి చూశారని చెబుతారు. ఎం.సి.సి. ఆయనకు వెండి బ్యాటును బహూకరించింది. భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకం దొరలకు కలగడానికి ఆ ఇన్నింగ్స్ ఎంతో తోడ్పడింది.

మహారాజులు తప్పుకున్న వేళ

1932లో భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. అందరిలోకీ మేటి ఆటగాడు నాయుడే అయినా సారథ్యం ఆయనకు ఇవ్వలేదు. ఆ రోజుల్లో క్రికెట్‌కు డబ్బు పెట్టేది సంస్థానాధీశులు. వేర్వేరు మతాల, ప్రాంతాల ఆటగాళ్ళు రాజవంశీయుడి మాటే వింటారని, విందుల్లో దొరల సరసన కూర్చోవడానికి అలాంటివారే తగుదురని పెద్దల అభిప్రాయం. మొదట పటియాలా మహారాజును అనుకున్నారు. ఆయన వెళ్ళలేకపోవడంతో పోరుబందర్ మహారాజును కెప్టెన్‌గా, లింబ్డి రాజవంశీయుడైన ఘనశ్యామ్‌సింహ్‌జీని ఉపసారథిగా నియమించారు.

పోరుబందర్ మహారాజు తన ఆట ఎంతటిదో తెలిసినవారు. టెస్టు మ్యాచ్ వచ్చేసరికి తానే తప్పుకున్నారు. లింబ్డి వారికి గాయమైంది. అలా 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయుడు సారథి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్ళు. సామాన్యుడి కింద ఆడబోమని, ఆయన కాఠిన్యం భరించలేమని కొందరు ఆటగాళ్ళు ముందురాత్రి మొరాయించారనీ, పటియాలా మహారాజు నుంచి గట్టి ఆజ్ఞ వచ్చాకే దిగారనీ చెబుతారు.

ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయి బిత్తరపోయింది. చివరకు భారత్ 158 పరుగుల తేడాతో ఓడినా, తొలి ఇన్నింగ్స్‌లో భారత జట్టులో ఎక్కువ పరుగులు, 40, చేసింది నాయుడే. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. విజ్డెన్ గ్రంథం 1933లో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఆయనను ఎంపిక చేసింది. 1933-34లో జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే సారథి. రెండు ఓడి ఒకటి డ్రా అయింది.

ఓట్లతో పోయిన పదవి

1936లో మళ్ళీ ఇంగ్లండు ప్రయాణం. ఈసారి సారథ్యం విజ్జీగా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు వశమైంది. క్రికెట్ కోసం ఆయన ధారాళంగా ధనం ఖర్చుపెట్టిన మాట నిజం. బోర్డులో ఓట్లు సంపాదించిన మాటా నిజమే. ఆట మాత్రం అంతంత మాత్రం. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన చేసినవి 33 పరుగులు.

జట్టు రెండు ముఠాలయింది. లాలా అమర్‌నాథ్ వంటి ఆటగాణ్ణి మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపివేశారు. నలుగురిలో నాయుడును అవమానించినందుకే ఒకరికి చివరి టెస్టులో చోటు దక్కిందన్న మాట ఇప్పటికీ వినవస్తుంది. ఓవల్‌లో జరిగిన ఆ చివరి టెస్టులో ఇంగ్లండు సారథి ఆలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలినా నాయుడు తలవంచక 81 పరుగులు చేశారు. అదే ఆయనకు ఆఖరి టెస్టు. తిరిగి వచ్చాక విచారణ జరిపిన బోమాంట్ సంఘం విజ్జీ సారథ్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

అరవై దాటినా ఆటే

పదవి పోయినా నాయుడు ఆట మానలేదు. హోల్కర్ జట్టును నడిపించి నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిపించారు. 1945-46 ఫైనల్‌లో బరోడా మీద యాభై ఏళ్ళ వయసులో డబుల్ సెంచరీ చేశారు. బొంబాయితో జరిగిన ఒక మ్యాచ్‌లో ఫడ్కర్ బంతికి పళ్ళు ఊడిపోతే, వాటిని పిచ్ మీద నుంచి తోసేసి మళ్ళీ బ్యాటు పట్టిన మనిషి ఆయన. తాను పడని కష్టం ఇతరులను పడమనలేదు. అయితే ఆ కాఠిన్యం వల్లే కొందరికి దూరమయ్యారన్నది కూడా దాచవలసిన పని లేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీలో అడుగుపెట్టినప్పుడు దానికి సారథ్యం వహించింది నాయుడే. 1956-57లో, 61 ఏళ్ళ వయసులో, ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు. ఆ జట్టుకు ఆయనను రప్పించినవారు మరెవరో కాదు, అక్కడ క్రికెట్ సంఘాన్ని నడుపుతున్న విజ్జీయే! ఒకనాడు పక్కన పెట్టిన చేతులే ఇరవై ఏళ్ళకు స్వాగతం పలికాయి.

1956లో ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది. 1967 నవంబరు 14న ఇండోరులో నాయుడు కన్నుమూశారు. కుర్రవాళ్ళకు బోర్డు నిర్వహించే పోటీకి, జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారానికి ఆయన పేరే పెట్టారు.

నాయుడు సారథిగా ఆడిన టెస్టులు నాలుగే. ఒక్కటీ గెలవలేదు. అయినా ఆ నాలుగు టెస్టులకు విలువ ఉంది. సంపన్నుడు కాకపోయినా, కిరీటం లేకపోయినా, ఆట ఉంటే దేశానికి ముందు నడవవచ్చని అవి చూపించాయి. తరువాతి కాలంలో మన హైదరాబాదు నుంచి గులాం అహ్మద్, అజారుద్దీన్ ఆ స్థానంలో నిలవడానికి దారి అక్కడే పడింది. ఊరి జట్టుకైనా, దేశపు జట్టుకైనా బంతులు, బ్యాట్లు కొనిచ్చిన దాతకు దండ వేయవలసిందే. పగ్గాలు మాత్రం ఆట తెలిసినవాడి చేతిలో పెట్టాలి.