లోహారా ఇనుము కోసం తపించిన జంషెడ్జీ టాటా

జంషెడ్జీ నుస్సర్వాన్జీ టాటా పేరు వినగానే అందరికీ జంషెడ్‌పూర్ స్ఫురిస్తుంది. అయితే ఆయన ఉక్కు సంకల్పానికి తొలి బీజం పడినది మన చంద్రపూర్ నేలను గురించి. నాడు దీనిని చందా జిల్లా అనేవారు.

1839 మార్చి 3న నవసారిలో పార్శీ పురోహిత వంశంలో జన్మించిన జంషెడ్జీ, బొంబాయిలో తండ్రి వ్యాపారంలో ప్రవేశించి అనుభవం గడించారు. నూలు మిల్లంటే బొంబాయే అనుకునే ఆ రోజుల్లో, పత్తి పండే చోటికే మిల్లు రావాలని ఆయన నిశ్చయించుకున్నారు. 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు ప్రారంభమైంది. చుట్టూ పత్తి చేలు, ముంగిట రైలుమార్గం, చేరువలో వరోరా బొగ్గు. ఇంగ్లండు మిల్లులే సందేహిస్తున్న రింగు కదుళ్లను ఆయన తెప్పించి నడిపించారు. చట్టాలు రాకమునుపే కార్మికులకు పింఛను నిధి, ప్రమాద పరిహారం ఏర్పరచారు.

1882లో రిట్టర్ ఫాన్ ష్వార్ట్జ్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రజ్ఞుని నివేదిక ఆయన చేతికి వచ్చింది. చందా జిల్లాలోని లోహారా వద్ద మేలైన ఇనుపరాయి ఉన్నదనీ, వరోరా గనులు దానికి దూరం కావనీ అందులోని సారాంశం. ఈ ప్రాంతానికి ఇనుము కొత్తది కాదు. గోదావరికి ఆవల కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులే తరలివచ్చేవారు. అయితే కుటీరపు కొలిమి వేరు, కర్మాగారం వేరు. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు మండితే చాలదు. ముందుగా కాల్చి గట్టి కోక్‌గా మార్చినప్పుడే అది పైనున్న ఇనుపరాయి బరువును మోస్తూ కరగిస్తుంది. వరోరా బొగ్గు పరీక్షలో నెగ్గలేదు. దానికి తోడు నాటి ప్రభుత్వపు గనుల నిబంధనలు కఠినం. జంషెడ్జీ ఆగిపోవలసి వచ్చింది.

మరొకరైతే మరచిపోయేవారే. 1899లో కర్జన్ ప్రభుత్వం నిబంధనలు సడలించగానే ఆయన మళ్లీ పూనుకున్నారు. అరవై దాటిన వయస్సులో, 1902లో, అమెరికా వెళ్లి ఉక్కు నగరాలు చూసి, చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరును ఒప్పించారు. పెరిన్ పంపిన వెల్డ్, జంషెడ్జీ కుమారుడు దొరాబ్జీతో కలసి 1904లో చందా అడవులను గాలించాడు. ఇనుము కనిపించింది గానీ, పెద్ద కర్మాగారానికి అది చాలదని తేలింది. ఆ సంవత్సరమే మే 19న జంషెడ్జీ జర్మనీలో కన్నుమూశారు.

నాగపూర్‌లో దొరాబ్జీ కంటబడిన భూగర్భ పటం అన్వేషణను దుర్గ్ వైపు మళ్లించింది. పి. ఎన్. బోస్ లేఖ మయూర్‌భంజ్‌కు దారి చూపింది. అక్కడి ఇనుము, ఝరియా బొగ్గు కలసి వచ్చే సాక్చీలో 1912లో తొలి ఉక్కు దిమ్మ వెలువడింది. 1919లో సాక్చీయే జంషెడ్‌పూర్ అయింది.

చందాలో ఇనుము లేదని మాత్రం అనుకోరాదు. ఆనాటి చందాలో భాగమై, 1982లో గడ్చిరోలీకి చేరిన సుర్జాగఢ్ కొండల్లో నేడు ఇనుపరాయి తవ్వకం సాగుతున్నది. చంద్రపూర్ సమీపాన ఘుగ్గుస్‌లో స్పాంజ్ ఐరన్ తయారవుతున్నది. ఆ పద్ధతికి కోక్ అక్కరలేదు. కోక్ కాని బొగ్గుతోనే పని జరుగుతుంది.