సూసా పేరు చెక్కిన పలక

2014 మే నెలాఖరున ఒక సాయంత్రం మా అబ్బాయి చదివే హైస్కూల్లో బ్యాండు పిల్లలకి విందు ఏర్పాటు చేశారు. ఏటా జరిగేదే. అంతకుముందు మూడేళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను గానీ, అది వాడికి ఆఖరి సంవత్సరం కాబట్టి మా ఆవిడ పట్టుబట్టి తీసుకెళ్ళింది. భోజనాలయ్యాక బహుమతుల పంపకం మొదలైంది. నేను బల్ల కింద ఫోన్లో ఆఫీసు ఈమెయిళ్ళు చూసుకుంటున్నాను. చిట్టచివర జాన్ ఫిలిప్ సూసా అవార్డు అని ప్రకటించి, మా వాడి పేరు పిలిచారు. హాల్లో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను, నేనూ కొట్టాను. నిజం చెప్పాలంటే ఆ సూసా ఎవరో, ఆ అవార్డు ఎందుకిస్తారో నాకు తెలియదు. పక్క బల్ల దగ్గరి అమెరికన్ తల్లి ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి షేక్‌హ్యాండ్ ఇస్తుంటే, ఏమనాలో తెలియక తల ఊపి ఊరుకున్నాను.

నా సిగ్గుకి ఇంకో కారణం కూడా ఉంది. మా వాడు వాయించేది సూసాఫోన్. కొండచిలువలా ఒంటికి చుట్టుకుని, తలపైన పెద్ద పళ్ళెమంత నోరు తెరుచుకుని ఉండే బాకా అది. మాది తెనాలి. చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో ఎర్ర కోట్లు తొడుక్కున్న బ్యాండు మేళం వెనకాల ఊరి చివరిదాకా నడిచి వెళ్తే, మా నాన్నగారు చెవి మెలిపెట్టి ఇంటికి లాక్కొచ్చారు. బ్యాండు అంటే మా ఇంట్లో ఉన్న గౌరవం అంత. అలాంటిది నా కొడుకు వయొలినో మృదంగమో నేర్చుకోకుండా ఆ బాకా మోస్తానంటాడు. పైగా పాట మొత్తంలో వాడికి దక్కేది కింది స్థాయిలో బుం బుం అనే నాలుగు స్వరాలే. పదకొండో తరగతిలో ఏపీ కోర్సులు, సాట్ పరీక్ష ఉన్నాయని బ్యాండు మానెయ్యమన్నాను. రెండు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. మా ఆవిడ కలగజేసుకుంటే వెనక్కి తగ్గాను గానీ, కోపం మాత్రం మనసులో ఉండిపోయింది. నాలుగేళ్ళలో వాళ్ళ బ్యాండు వాయించిన ఫుట్‌బాల్ ఆటలకి నేను వెళ్ళింది రెండంటే రెండుసార్లు.

ఆ వేసవిలో లైబ్రరీ నుంచి సూసా మీద పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివినకొద్దీ ఆయన కథ నాకే చెబుతున్నట్టు అనిపించింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

జాన్ ఫిలిప్ సూసా 1854 నవంబరు 6న వాషింగ్టన్ నగరంలో పుట్టాడు. ఆయనది కూడా మనలాగే వలస వచ్చిన కుటుంబం. తండ్రి పోర్చుగీసు వాడు, తల్లి జర్మనీలోని బవేరియా నుంచి వచ్చింది. తండ్రి మెరైన్ దళం వారి బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. పిల్లవాడికి చిన్నప్పుడే వయొలిన్ పట్టుబడింది. పదమూడేళ్ళ వయసులో అతని వాయిద్యం విన్న ఒక సర్కస్ బ్యాండు మనిషి తమతో వచ్చెయ్యమని ఆశపెట్టాడు. కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా పారిపోవడానికి సిద్ధమయ్యాడు. సంగతి బయటపడి తండ్రి చెవిన పడింది. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తను పనిచేసే మెరైన్ బ్యాండులోనే అప్రెంటిస్‌గా చేర్పించాడు. అది 1868 జూన్. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. బ్యాండు వెనకాల వెళ్ళిన కొడుకుని మా నాన్నగారు లాక్కొచ్చారు, నేను మానెయ్యమన్నాను, ఆ ట్రాంబోన్ ఆయన మాత్రం అంతకంటే మంచి బ్యాండు చూపించాడు.

1875లో మెరైన్ దళం నుంచి బయటికొచ్చి సూసా నాటకశాలల్లో వయొలిన్ వాయించాడు. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్ళు నిండిన 1876లో, ఫ్రాన్సు నుంచి ఫిలడెల్ఫియా వచ్చిన ఒఫెన్‌బాక్ ఆర్కెస్ట్రాలో కూర్చున్నాడు. అందువల్ల బ్యాండు సంగీతంతో పాటు ఆర్కెస్ట్రా పద్ధతులు, రంగస్థలం ఒడుపులు కూడా వంటబట్టాయి. 1880 అక్టోబరు 1న, ఇంకా ఇరవై ఆరు నిండకుండానే, మెరైన్ బ్యాండుకి నాయకుడై తిరిగి వచ్చాడు. పాత కాగితాలు పక్కన పెట్టి గొప్ప రచనలు తెప్పించాడు. సాధన కఠినం చేశాడు. పన్నెండేళ్ళలో హేస్, గార్ఫీల్డ్, ఆర్థర్, క్లీవ్‌లాండ్, బెంజమిన్ హారిసన్ అనే ఐదుగురు అధ్యక్షుల దగ్గర వాయించి, ఆ బ్యాండుని దేశంలోనే మేటిగా తీర్చిదిద్దాడు.

ఆ రోజుల్లోదే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 1889లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక బడిపిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టింది. బహుమతి ప్రదానం రోజున వాయించడానికి ఒక కొత్త మార్చ్ రాసిపెట్టమని పత్రిక వాళ్ళు సూసాని అడిగారు. ఆయన రాశాడు. ఆ జూన్‌లో స్మిత్‌సోనియన్ ఆవరణలో, పిల్లలు బహుమతులు అందుకుంటుండగా మెరైన్ బ్యాండు దాన్ని మొదటిసారి వాయించింది. పత్రిక పేరే ఆ మార్చ్ పేరైంది. అప్పుడే వాడుకలోకి వస్తున్న టూ స్టెప్ నృత్యానికి ఆ లయ అచ్చంగా సరిపోవడంతో, అది సముద్రాలు దాటి యూరప్ నాట్యశాలలకి కూడా పాకింది. ప్రపంచం ఆయన్ని మార్చ్‌ల రాజు అని పిలవడం మొదలుపెట్టింది. ఇంత పేరు తెచ్చిన మార్చ్‌ని ఆయన ఒక ప్రచురణకర్తకి అమ్మింది కేవలం 35 డాలర్లకి! లాభమంతా ప్రచురణకర్తదే. ఆ పాఠం ఆయన మరిచిపోలేదు. తర్వాత రోజుల్లో స్వరకర్తల హక్కుల కోసం కాంగ్రెస్ సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు, 1914లో ఆస్కాప్ సంస్థ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడయ్యాడు.

1892లో డేవిడ్ బ్లేక్లీ అనే మేనేజరు ప్రోత్సాహంతో ఉద్యోగం వదిలి సొంత బ్యాండు పెట్టాడు. దాని మొదటి కచేరీ ఆ ఏడాది సెప్టెంబరు 26న మా న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో జరిగింది. సరుకులకీ, సినిమాలకీ మనవాళ్ళం కారులో ఎన్నిసార్లు ఆ దారిన పోయామో! 1931 వరకు, అంటే దాదాపు నలభై ఏళ్ళు, ఆ బ్యాండు పదిహేను వేలకు పైగా కచేరీలు చేసింది. రైళ్ళలో ఊరూరా తిరిగింది. 1900 నుంచి 1905 లోపు నాలుగుసార్లు యూరప్ వెళ్ళింది. 1910, 1911లలో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీదుగా ప్రపంచమంతా చుట్టి వచ్చింది. మార్చ్‌ల రాజు బ్యాండు కదా అని వీధుల్లో ఊరేగిందనుకునేరు, అది చాలా అరుదు. వేదిక మీద కూర్చుని కచేరీ చేసే బ్యాండు అది. ఆర్కెస్ట్రా ఎన్నడూ చూడని చిన్న ఊళ్ళలో రైతులు, గని కార్మికులు వాగ్నర్ సంగీతం మొదటిసారి విన్నది దాని ద్వారానే. ఒక బరువైన రచన అవగానే జనానికి ఇష్టమైన మార్చ్ ఒకటి అందించేవాడు. మన కచేరీల్లో ప్రధాన కీర్తన తర్వాత తుక్కడాలు ఉంటాయి చూడండి, ఆ కిటుకు ఆయనకీ తెలుసు.

సూసాఫోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అప్పట్లో వాడే హెలికాన్ అనే బాకా ధ్వని ఒక పక్కకి దూసుకుపోయేది. నోరు పైకి తిరిగి ఉంటే, ఆ మంద్రస్వరం బ్యాండు మొత్తం మీద గొడుగులా పరుచుకుంటుందని సూసా ఆలోచన. ఆయన సూచన ప్రకారం 1893లో ఫిలడెల్ఫియాకు చెందిన పెప్పర్ కంపెనీ మొదటి సూసాఫోన్ చేసింది. అంటే మా వాడి బుం బుం పైన పాడే వాయిద్యాలన్నిటికీ నీడపట్టు. సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాడి కేసి ఎవరూ చూడరు, వాడు ఆపితే తెలుస్తుంది. సంగీతం తెలిసిన ఊళ్ళో పుట్టి ఇంతమాత్రం నాకు తట్టలేదు.

1896లో యూరప్‌లో విహారంలో ఉండగా బ్లేక్లీ చనిపోయినట్టు సూసా పేపర్లో చదివాడు. వెంటనే ఓడ ఎక్కాడు. డెక్ మీద పచార్లు చేస్తుంటే, ఇంటి మీద బెంగ, స్నేహితుడు పోయిన దిగులు కలిసి ఒక బ్యాండు తలలో వాయించడం మొదలుపెట్టిందట. కాగితం ముట్టకుండా, ఒడ్డు చేరేదాకా ఆ స్వరాలు మనసులోనే మోశాడు. అదే స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్. జూలై నాలుగున బాణాసంచా కింద కూర్చుని మన పిల్లలు వినేది అదే. 1987లో అమెరికా దాన్ని జాతీయ మార్చ్‌గా చట్టం చేసింది. ఇంటికి దూరంగా, సముద్రం మధ్య పుట్టిన బాణీ అని తెలిశాక, మనలాంటి వాళ్ళకి అది వేరుగా వినిపిస్తుంది.

1906లో ఆయన గ్రామఫోన్ల మీద ఒక వ్యాసం రాశాడు. యంత్రాలే పాడిపెడితే పిల్లలు వాయిద్యాలు నేర్చుకోవడం మానేస్తారని ఆయన భయం. అది చాదస్తమని కొందరు నవ్వుకున్నారు. ఆ భయం తోనో ఏమో, వయసు పైబడ్డాక స్కూలు బ్యాండుల పిల్లలంటే ప్రాణం పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో, అరవై రెండేళ్ళ వయసులో నౌకాదళంలో చేరి, గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రంలో కుర్ర నావికులతో బ్యాండు తయారుచేశాడు. నామమాత్రంగా ఒక్క డాలరు ఉంచుకుని మిగతా జీతం సైనికుల సహాయనిధికి ఇచ్చేశాడు. ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ 1901లో స్వయంగా పతకం ఇచ్చిన మనిషి, 1931లో ఇంటర్‌లాకెన్ వేసవి శిబిరం పిల్లల కోసం కూర్చుని మార్చ్ రాశాడు.

1932 మార్చి 5న పెన్సిల్వేనియాలోని రీడింగ్ ఊరి రింగ్‌గోల్డ్ బ్యాండుతో సాధన చేయించాడు. ఆఖరుగా వాయింపించింది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్. ఆ రాత్రి గడిచి తెల్లవారేలోగా హోటల్ గదిలో గుండె ఆగి పోయాడు. వయసు డెబ్భై ఏడు. తను పుట్టిన వీధికి ఎంతో దూరం లేని కాంగ్రెషనల్ స్మశానంలో ఖననం చేశారు.

ఆయన పేరిట హైస్కూలు బ్యాండు పిల్లలకిచ్చే అవార్డు 1955లో మొదలైంది. సంగీతంలో నేర్పుతో పాటు బ్యాండుకి అంకితమై పనిచేసిన వాళ్ళకి ఇస్తారు. సోలో వాయించి మెప్పించినవాడికే ఇవ్వాలని లేదు. చలిలో, వానలో రోజూ ముందొచ్చి, కొత్త పిల్లల బాకాలు కూడా మోసి, చివరికి వెళ్ళేవాడు మా వాడేనని వాళ్ళ బ్యాండు మాస్టారు చెబితే గానీ నాకు తెలియలేదు. బ్యాండు గదిలో గోడ మీద పలక ఉంది. అందులో ఒక చిన్న ఇత్తడి రేకు మీద మన తెలుగు ఇంటిపేరు చెక్కి ఉంది. దానికి నేను చేసిందేమీ లేదు, అడ్డుపడటం తప్ప.

ఆ మరుసటి ఏడాది వాషింగ్టన్ వెళ్ళినప్పుడు నేనూ మా అబ్బాయీ సూసా సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాం. పదకొండో తరగతి నాటి మాటలకి వాడికి క్షమాపణ చెప్పాను. వాడు నవ్వి, ఆకలేస్తోంది పద నాన్నా అన్నాడు.

ఈ మహాసభలకి వచ్చిన తల్లిదండ్రులకి ఒక్క మనవి. మీ పిల్లలు మీకు అర్థం కాని బాకా ఏదైనా పట్టుకుంటే, దాని వెనక ఎవరి కథ ఉందో ముందు కనుక్కోండి. ఆ శుక్రవారం రాత్రి ఆటకి వెళ్ళండి. నేను పోగొట్టుకున్న సాయంత్రాలు మళ్ళీ రావు.