అక్షర కాయకము చేసిన పాల్కురికి సోమనాథుడు

ఉప్పల్ కూడలి నుండి తూర్పుగా ఓరుగల్లుకు పోవు మార్గము వీరశైవులకు పుణ్యపథము. ఘట్‌కేసరు, భువనగిరి దాటిన పిదప ఆలేరు చెంత కొలనుపాక సోమేశ్వర క్షేత్రమున్నది. రేణుకాచార్యులు ఆవిర్భవించిన స్థలముగా భక్తులు దానిని కొలుచుచున్నారు. అదే దారిన ముందుకు సాగి జనగామ చేరి, అక్కడినుండి లోనికి పోయిన పాలకుర్తి వచ్చును. అదియే నాటి పాల్కురికి. శివకవులలో అగ్రగణ్యుడైన సోమనాథుని ఊరు అది.

కాకతీయుల ఏలుబడి నాటి తెలుగునేలపై వెలసిన ఈ మహనీయుని తల్లిదండ్రులు శ్రియాదేవి, విష్ణురామిదేవుడు. గురువు కరస్థలి విశ్వనాథయ్య. సోమనాథుడు సంస్కృతమున భాష్యము వ్రాయగల పండితుడు. కన్నడము మొదలగు భాషలను కూడ ఎరిగినవాడు. అంతటి విద్వత్తు గలవానికి రాజాస్థానము దుర్లభము కాదు. అయినను ఆయన తన కలమును రాజుల కీర్తికి కాక శరణుల కీర్తికి అర్పించినాడు.

బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో లింగైక్యము చెందిన తరువాత ఆయన చరిత్రయు, శరణుల కథలును భక్తుల నోట, పాటలలో నిలిచియుండెను. నోటి మాట తరము మారినకొద్దీ చెదరిపోవును. పాడువారు తరిగిపోయిన పాట మాసిపోవును. ఈ ఆపదను తప్పించుటయే సోమనాథుడు తలకెత్తుకొన్న కాయకము. ఆయన భక్తుల చెంత కూర్చుండి, వారు చెప్పినది విని, విన్నదానిని పొందుపరచినాడు. పండితుడు సామాన్యుల ముందు శ్రోత యగుటయే ఆ కాయకమునకు తొలి మెట్టు.

బసవపురాణమునకు ఆయన ఎన్నుకొన్నది ద్విపద. పండితులు మెచ్చునది చంపూమార్గమే యైనను, పదిమంది కూడి పాడుకొనుటకు ద్విపదయే తగినదని తలచినాడు. ద్విపద చూపునకు తేలిక, నడుపుటకు కష్టము. ప్రతి పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము కుదరవలెను. మూడవ గణము తొలి అక్షరమున యతి నిలువవలెను. పలుకు మాత్రము ఇంటిలో మాటాడునట్లు సాగవలెను. భావమునకు అడ్డు వచ్చినచోట ప్రాసనియమమును ఆయన సడలించినాడు. అది అలసత్వము కాదు. చెప్పవలసినది సూటిగా చెప్పవలెనను పట్టుదల. ఏడు ఆశ్వాసముల గ్రంథము ఒక్కనాటి ఆవేశమున పుట్టదు. ఏ పూట వ్రాసిన రెండు పాదములను ఆ పూటకు లోపము లేక తీర్చినవానికే అది సాధ్యము.

ఆ పురాణమున వెలుగు ముఖములెవరివి? భక్తుల మైల బట్టలు ఉదికిన మడివాలు మాచయ్య, కట్టెలమ్మి జంగమార్చన నడపిన మోళిగ మారయ్య, కుండపై తాళము వేయుచు శివుని మెప్పించిన కుమ్మర గుండయ్య. వీరు పని విడిచి భక్తులైనవారు కారు, పనియందే భక్తులైనవారు. వారి కథ చెప్పినవాడు తన పనిని వారికి తీసిపోని నిష్ఠతో చేసినాడు.

బసవపురాణము ముగిసిన పిదప సోమనాథుడు విశ్రమించలేదు. మల్లికార్జున పండితారాధ్యుని జీవితము నాధారముగా ఐదు ప్రకరణముల పండితారాధ్య చరిత్రను నిర్మించినాడు. పర్వత ప్రకరణమున శ్రీశైలయాత్ర, యాత్రికుల పాటలు, ఆటలు, వాద్యములు ఎంత వివరముగా వర్ణింపబడినవనగా, నాటి ప్రజాజీవితమును తెలిసికొన గోరువారికి నేటికిని అది గని. వృషాధిపశతకము, అనుభవసారము, చతుర్వేదసారము, బసవోదాహరణము, రగడలు ఆయన కృతులే. తెలుగున ఉదాహరణము, రగడ అను ప్రక్రియలకు ఆయనయే ఆద్యుడు. ఒకదానిలో కుదిరిన నేర్పును మరొకదానిలో తిరిగి పరీక్షించుకొనుట ఆయన నైజము. కన్నడసీమలోని కలికె యందు ఆయన లింగైక్యము చెందినట్లు సంప్రదాయము చెప్పుచున్నది.

ఆ శ్రమ వృథా కాలేదు. భీమకవి 1369లో బసవపురాణమును కన్నడమునకు తెచ్చినాడు. పిడుపర్తి సోమనాథుడు దానిని పద్యకావ్యముగా మలచినాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించగా 1926లో అది ముద్రితమైనది. 1990లో ఆంగ్లానువాదము వెలువడినది.

నాచారము, ఉప్పల్ పారిశ్రామికవాడలలో యంత్రము ముందు నిలుచువారు, లెక్కలు వ్రాయువారు, పిల్లలకు చదువు చెప్పువారు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది సులభము. తమ పని చిన్నదని ఎవరును తలపరాదు. ద్విపద కూడ చిన్నదే, రెండే పాదములు. నేటి పనిని నేడు లోపము లేక చేసి, రేపటి పనిని అంతకంటె మెరుగుగ చేయువాని చేతిలో అటువంటి చిన్నవే పురాణమగును. ఇష్టలింగమును పూజించు చేయియే పనిముట్టును పట్టుచున్నది. ఆ రెండింటి యందును శ్రద్ధ ఒక్కటే యైన నాడు ఆ పని కాయకమగును.