డాక్టరు మేరియా మాంటిసోరి

ఉదయగిరి కొండ క్రింది మెట్టపల్లెలలోను, ఆత్మకూరు ప్రాంతమునను కూలికి పోవు తల్లులు చంటిబిడ్డను చేనిగట్టున చీరయుయ్యెలలో పరుండబెట్టుదురు. లేదా యింట ముసలమ్మకో పెద్దపిల్లకో యప్పగించి పోవుదురు. ఆ వయస్సున బిడ్డకు పాలును నిద్రయు తప్ప మఱేమియు నక్కఱలేదని పలువు రనుకొందురు. అది సరికాదని లోకమునకు బోధించిన యొక మహిళ చరిత్రమును మేమిచట సంగ్రహముగా తెలుప నెంచితిమి.

మేరియా మాంటిసోరి 1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీని ఇటలీదేశమున కియరవల్లె యను నూర జన్మించెను. స్త్రీలు వైద్యము చదువుట యరుదైన యా దినములలో, తండ్రికి సమ్మతము కాకున్నను, ఆమె రోము విశ్వవిద్యాలయమున చదివి 1896లో వైద్యపట్టము నొందెను.

పిమ్మట నామె యొక పిచ్చియాసుపత్రిలో, మందమతులని వట్టి గదియందుంచబడిన పిల్లలను చూచెను. వారు భోజనమైన వెంటనే నేలబడిన రొట్టెతునకలకై ప్రాకులాడుచుండిరి. పరిచారిక దానిని తిండిపోతుతనమని యసహ్యించుకొనెను. ఆ గదిలో చేతితో పట్టి యాడుకొనుటకు మఱి యే వస్తువును లేదని మేరియా గ్రహించెను. వారి యాకలి కడుపుది కాదు, మనస్సుది.

రోములోని సాన్ లొరెంజో యను బీదలపేటలో, తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు గోడలు మెట్లు పాడుచేయుచుండిరి. వారికొఱకు 1907 జనవరి 6వ తేదీని ఆమె యాజమాన్యమున బాలగృహ మొకటి వెలసెను. తగిన వస్తువులును, ఓర్పుగల పెద్దలును లభింపగా ఆ పిల్లలే శ్రద్ధతో పనిచేయ నేర్చిరి. కొందఱు నాలుగైదేండ్లకే వ్రాయసాగిరి.

ఆమె జీవితమున నొక కొఱత గలదు. 1898లో ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. వివాహము కాకయే కలిగిన బిడ్డ యగుటచే, నాటి సంఘమునకు వెఱచి, యతనిని పల్లెటూరి కుటుంబమున పెంపకమున కియ్యవలసివచ్చెను. సుమారు పదునైదేండ్ల ప్రాయమున నతడు తల్లిని చేరెను. ఎందఱో పిల్లలకు తల్లివంటిదైన యామెకు తన బిడ్డను తన యొడిలో పెంచుకొను భాగ్యము లేకపోయెను. పిమ్మట నతడే యామెకు కుడిభుజమయ్యెను.

1939లో తల్లీకొడుకులు దివ్యజ్ఞానసమాజమువారి యాహ్వానముపై చెన్నపట్టణమందలి అడయారునకు వచ్చిరి. నాడు మన నెల్లూరుజిల్లాకును చెన్నపట్టణమే రాజధాని. 1940లో ఇటలీ యుద్ధమున చేరగా, ప్రభుత్వమువారు మారియోను నిర్బంధించిరి. తల్లి డెబ్బదియవ జన్మదినమున నతనిని విడిచిరి. ఆమె 1946వఱకు ఈ దేశముననే యుండి యనేకులగు నుపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. ఇచటి యుపన్యాసములనుండియే పుట్టిన ది అబ్సార్బెంట్ మైండ్ అను గ్రంథము 1949లో చెన్నపట్టణమున వెలువడెను. శిశువు మొదటి మూడేండ్లలో తెలియకయే పరిసరముల నెల్ల తనలోనికి పీల్చుకొనుననియు, గురువు లేకయే మాతృభాష నట్లే గ్రహించుననియు అందు వివరించెను. తల్లి చంకనెక్కి సంతకు పోవు బిడ్డ బేరములను వినుచు చాల నేర్చుననియు నామె మతము. 1952 మే 6వ తేదీని హాలండుదేశమున నామె పరమపదించెను.

నేటి శాస్త్ర మామె మాటలను పెక్కింట బలపఱచినది. పుట్టిననాడు పెద్దవారి మెదడులో నాలుగవవంతు తూగు శిశువు మెదడు రెండేండ్లకు ముప్పాతికవంతగును. రుమేనియాదేశమున 2000లో నారంభమైన పరిశోధనయందు, అనాథాలయములలోని శిశువులను కొందఱిని కుటుంబములలో పెంచిరి. రెండేండ్లు నిండకమునుపే యట్లు చేరినవారి బుద్ధివికాసము మెఱుగుగా నుండెను. ఆలస్యమైనను మేలు కలదు. కాని తొలినాళ్ల మేలు పెద్దది.

దీనికి ధనము వలదు. బిడ్డ ఊకొట్టినపుడు బదులు పలుకుట, ఏడ్చినపుడెత్తుకొనుట, చేతికి గిన్నెయో గరిటెయో యిచ్చుట చాలును. పనికి పోవు తల్లిని మేము తప్పు పట్టము. ఇంట నున్న యవ్వయు, అంగన్‌వాడీ పంతులమ్మయు నీ పని చేయగలరు. బడినుండి యింటికి పోయి తమ్ముని చంకనెత్తుకొను మా విద్యార్థినులారా, వానితో మాటలాడుడు. వాని మొదటి పాఠశాల మీరే.