కటకం లేని ఖగోళవేత్త పఠాణి సామంత

గంజాంకు ఉత్తరాన ఆనుకొని ఉన్న నేటి నయాగఢ్ జిల్లాలోని ఖండపడాలో 1835లో సామంత చంద్రశేఖర్ జన్మించారు. ఒడియా ప్రజలకు ఆయన పఠాణి సామంత. ప్రాచీన సిద్ధాంత గ్రంథాల గణితానికీ ఆకాశంలోని గ్రహస్థితులకూ పొంతన కుదరకపోవడం గమనించి, ఆయన స్వయంగా వేధకు పూనుకొన్నారు.

దూరదర్శినిలో ముందున్న కుంభాకార కటకం దూరవస్తువు కిరణాలను కేంద్రీకరించి, చిన్న తలక్రిందుల ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. కంటి చెంతనున్న కటకం దానిని పెద్దదిగా చూపుతుంది. సామంత చేసుకొన్న మానయంత్రంలో గాజు లేదు. కర్రకు అడ్డంగా మరొక కర్ర బిగించిన ఆ సాధనం వస్తువును పెద్దదిగా చూపదు, కోణాన్ని మాత్రమే కొలుస్తుంది. శనివలయాలు దానికి అందవు. అయితే గ్రహస్థానాన్ని నిర్ణయించడానికి కావలసినవి కోణమూ కాలమే. వాటిని ఏళ్ల తరబడి కొలిచి, చంద్రగమనంలోని మూడు ప్రధాన అసమానతలను, ఐరోపాలో అవి అప్పటికే తెలిసినవని ఎరుగకనే, ఆయన కనుగొన్నారు.

ఆ ఫలితాలను సంస్కృత శ్లోకాలలో ‘సిద్ధాంత దర్పణం’గా తాళపత్రాలపై రచించారు. 1893లో మహామహోపాధ్యాయ బిరుదు లభించింది. రావెన్‌షా కళాశాల ఆచార్యులు యోగేశ్ చంద్ర రాయ్ ఆంగ్ల పీఠికతో ఆ గ్రంథం 1899లో కలకత్తాలో అచ్చయింది. 1904లో సామంత కన్నుమూశారు. పూరీ జగన్నాథుని సేవల తిథులకు ఆయన గణితమే ఆధారమైంది. గాజు తునకైనా లేక నింగిని కొలిచిన ఆయన పేరనే భువనేశ్వర్‌లోని నక్షత్రశాల వెలసింది.